ఫోన్‌కు తాళం ఉన్నా సిమ్‌కు పిన్ ఎందుకు? మా నాయన ఫోన్ పోయిన తరువాత అడుగుతున్న ప్రశ్న

దేవరకొండ ఉపాధ్యాయుడు | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మొన్నటి అమావాస్యనాడు మా నాయన చెరువుగట్టుకు దర్శనానికి వెళ్లి, గుట్ట దిగి వచ్చే రద్దీలో ఫోన్ పోగొట్టుకున్నారు. అంగీ జేబులోంచి ఎవరు, ఎప్పుడు తీశారో ఆయనకు తెలియలేదు. నల్లగొండ బస్టాండులో దిగి చిల్లర కోసం జేబు తడుముకున్నప్పుడే ఫోన్ లేదని గమనించారు. ఆ ఫోన్ తెరకు నేనే ప్యాటర్న్ పెట్టి ఉంచాను కనుక, వస్తువు పోతే పోయింది, లోపలిదేదీ ఎవరికీ అందదు అన్న ధైర్యంతో సిమ్ ఆపించే పనిని మరునాటికి వాయిదా వేశాను. ఆ ఒక్క రాత్రి ఆలస్యమే మమ్మల్ని దెబ్బతీసింది.

తెల్లవారకముందే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నాయన నంబరు నుంచి సందేశం వచ్చింది. ఆస్పత్రిలో ఉన్నానని, మాట్లాడే పరిస్థితి లేదని, ఆరు వేల రూపాయలు ఫలానా నంబరుకు పంపమని అందులో ఉంది. హైదరాబాద్‌లో ఉండే మా మేనత్త కొడుకు, మామ నంబరు నుంచే వచ్చింది కదా అని వెంటనే పంపించాడు. పంపిన తరువాత మా ఇంటికి ఫోన్ చేస్తే, నాయన వాకిట్లో పళ్లు తోముకుంటున్నారు.

విచారించగా అర్థమైందేమిటంటే, మా ప్యాటర్న్‌ను ఎవరూ విప్పలేదు, విప్పవలసిన అవసరమే వారికి రాలేదు. సిమ్‌ను బయటికి తీసి వేరే ఫోన్‌లో వేసుకున్నారు. వాట్సాప్ పంపే ధృవీకరణ కోడ్ ఆ సిమ్‌కే వచ్చింది. కొత్త ఫోన్‌లో పాత సంభాషణలు కనబడకపోయినా, ఆ నంబరు సభ్యత్వం ఉన్న గ్రూపులన్నీ తిరిగి వచ్చేస్తాయట. వారికి కావలసింది అదే.

ఇక్కడి సెల్‌ఫోన్ దుకాణంలో అడిగితే, సిమ్‌కే ఒక పిన్ పెట్టుకోవచ్చునని, అది ఉంటే ఇలా జరిగేది కాదని అన్నారు. ఇన్నేళ్లుగా ఫోన్ వాడుతున్న నాకు ఆ సంగతి తెలియకపోవడం బాధ కలిగించింది. అది నిజంగా ఎలా పనిచేస్తుందో, పెట్టుకోవడంలో ప్రమాదాలేమైనా ఉన్నాయో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మిర్యాలగూడ సెల్ రిపేర్ | ఆదివారం, రాత్రి 10:25

సార్, మీకు జరిగినదానికి చాలా బాధగా ఉంది. దుకాణానికి వచ్చేవారి నోట ఇదే మాటను నేను తరచూ వింటుంటాను. "లాక్ ఉంది కదా" అంటారు. ఉన్న లాక్ ఫోన్‌కు, పోయింది సిమ్.

సిమ్ అంటే నంబరు రాసి ఉన్న ప్లాస్టిక్ ముక్క అని చాలామంది అనుకుంటారు. గోరంత ఉన్న ఆ ముక్కలో చిన్న కంప్యూటరు ఉంది, దానికి సొంత జ్ఞాపకం ఉంది. టవర్ మనల్ని గుర్తుపట్టడానికి వాడే రహస్య కీ కూడా దాని లోపలే ఉంటుంది. మనం సిమ్‌కు పిన్ పెట్టినప్పుడు ఆ అంకెలు ఫోన్‌లో కాకుండా ఆ చిప్‌లోనే నిలిచిపోతాయి, సరిచూసేది కూడా ఆ చిప్పే. అందువల్ల ఆ సిమ్‌ను తీసి పదివేల ఫోన్‌లో వేసినా, ఐదువందల ఫోన్‌లో వేసినా, ముందుగా పిన్ అడుగుతుంది. పిన్ చెప్పేవరకు టవర్‌తో కలవదు, ఫోన్లు రావు, ఎస్ఎంఎస్‌లు రావు, కాబట్టి ఓటీపీ కూడా రాదు. సిమ్‌లో దాచుకున్న పేర్లు, నంబర్లు కూడా తెరుచుకోవు. మీ నాయన సిమ్‌కు పిన్ ఉండి ఉంటే, ఆ రాత్రి వాళ్ల చేతిలో ఉన్నది ఉత్త ప్లాస్టిక్ ముక్కే అయ్యేది.

ఇదేమీ కొత్తగా వచ్చిన సదుపాయం కాదు. 1991లో జర్మనీకి చెందిన గీసెకె అండ్ డెవ్రియంట్ అనే సంస్థ ఫిన్లండ్‌లోని ఒక టెలిఫోన్ సంస్థ కోసం మొదటి సిమ్ కార్డులు తయారుచేసిన కాలపు జీఎస్ఎం అనే మొబైల్ ప్రమాణాలలోనే ఈ పిన్ పద్ధతి ఉంది. జర్మనీ వంటి దేశాలలో సిమ్ కొంటే సాధారణంగా పిన్ అమలులో ఉండే వస్తుంది. మన దగ్గర దానిని నిలిపివేసి ఇస్తారు, అందుకే ఉన్నదనే సంగతే మనకు తెలియదు.

అయితే ఒక హెచ్చరిక. పిన్ వరుసగా 3 సార్లు తప్పు కొడితే సిమ్ మూసుకుపోయి, దానిని తిరిగి తెరిచే 8 అంకెల పీయూకే కోడ్ అడుగుతుంది. ఆ పీయూకే కూడా 10 సార్లు తప్పు కొడితే సిమ్ శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది, దానిని ఎవరూ తెరవలేరు. అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోవలసిందే, అందులో దాచుకున్న నంబర్లు మాత్రం పోయినట్లే.

జడ్చర్ల గృహిణి | సోమవారం, ఉదయం 6:50

అన్నా, మీరు చెప్పిన 3 సార్ల సంగతి మా ఇంట్లో నిరుడే జరిగింది. మా తమ్ముడు ఎక్కడో విని నా ఫోన్‌లో సిమ్ లాక్ ఆన్ చేయబోయాడు. అది "ప్రస్తుత పిన్" అడిగింది. మనం ఎప్పుడూ పిన్ పెట్టనే లేదు కదా, మరి ప్రస్తుత పిన్ ఎక్కడిది అని ఇద్దరమూ అయోమయపడ్డాము. వాడు 1234 కొట్టాడు, తరువాత నా పుట్టిన సంవత్సరం కొట్టాడు, తరువాత 1111 కొట్టాడు. తెర మీద పీయూకే అని వచ్చింది. ఫోన్ ఆపి మళ్లీ వేస్తే సరిపోతుందేమోనని అదీ చేశాము, సిమ్ తీసి మా వారి ఫోన్‌లో వేసి చూశాము, అక్కడా పీయూకేనే అడిగింది. పిల్లల బడి నుంచి ఫోన్ వచ్చే నంబరు అది. ఆ రోజంతా నేను పడ్డ ఆందోళన ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి దాని జోలికి పోలేదు. మళ్లీ ప్రయత్నించమంటారా? ఈసారి ఏం చేస్తే తప్పు జరగదు?

మిర్యాలగూడ సెల్ రిపేర్ | సోమవారం, ఉదయం 9:40

అక్కా, తప్పకుండా ప్రయత్నించండి. మీ తమ్ముడు చేసినది చాలామంది చేసే పొరపాటే. మనం పెట్టకపోయినా, సిమ్ తయారైనప్పుడే కంపెనీ అందులో ఒక పిన్ వేసి ఉంచుతుంది. అది 1234 కావచ్చు, 0000 కావచ్చు, మరేదైనా కావచ్చు. ఊహించి కొట్టకూడదు. సిమ్ ఇచ్చినప్పుడు దానిని ఊడదీసిన ఏటీఎం కార్డంత ప్లాస్టిక్ అట్ట ఉంటుంది కదా, కొన్నిటి మీద పిన్, పీయూకే రెండూ అచ్చువేసి ఉంటాయి. అట్ట పారేసి ఉంటే వేరే ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, సిమ్ ఎవరి పేరున ఉందో వారి వివరాలు చెబితే ఆ రెండు కోడ్‌లూ ఇస్తారు. కొన్ని కంపెనీల యాప్‌లలో పీయూకే కనబడుతుంది కూడా. ముందు ఆ పీయూకేను కాగితం మీద రాసుకొని, ఆ తరువాతే ఫోన్ ముట్టుకోండి. నా దుకాణంలో ఎవరైనా సిమ్ పిన్ పెట్టమని అడిగితే, పీయూకే తెచ్చుకోనిదే నేను పెట్టను.

ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌కు వెళ్లి, సెక్యూరిటీ లేదా సెక్యూరిటీ అండ్ ప్రైవసీ అనే భాగంలో అడుగున ఉండే ఇతర సెట్టింగ్‌లను తెరిస్తే సిమ్ లాక్ కనబడుతుంది. ఫోన్‌ను బట్టి చోటు కొద్దిగా మారుతుంది గనుక, సెట్టింగ్స్‌లో పైన ఉండే వెతుకుడు పెట్టెలో "సిమ్" అని ఇంగ్లిషులో కొడితే దొరుకుతుంది. ఐఫోన్‌లో మొబైల్ డేటాకు సంబంధించిన భాగంలో సిమ్ పిన్ అని ఉంటుంది. బటన్ల ఫోన్లలోనూ సెక్యూరిటీ సెట్టింగ్‌లలో పిన్ కోడ్ అడగాలా వద్దా అనే ఎంపిక ఉంటుంది. నిజానికి బటన్ల ఫోన్లకే ఇది ఎక్కువ అవసరం, వాటికి తెర తాళం పెట్టుకునేవారు దాదాపు ఉండరు.

లాక్ ఆన్ చేసి కంపెనీ పిన్ ఒకసారి సరిగ్గా కొట్టిన తరువాత, దానిని మీ సొంత అంకెలకు మార్చుకోవాలి. ఈ వరుస ముఖ్యం, లాక్ ఆన్ కానిదే పిన్ మారదు. కంపెనీ పిన్‌నే ఉంచేసుకుంటే, దొంగ మొదటగా కొట్టేదీ అదే. 4 నుంచి 8 అంకెల వరకు పెట్టుకోవచ్చు. చాలా ఫోన్లలో డయల్ చేసే చోటనే **04* అని కొట్టి పాత పిన్, నక్షత్రం, కొత్త పిన్, నక్షత్రం, మళ్లీ కొత్త పిన్, చివర # కొడితే కూడా పిన్ మారుతుంది. పీయూకే అడిగే స్థితికి వచ్చిన సిమ్‌ను తెరవడానికి **05* కొట్టి, పాత పిన్ స్థానంలో పీయూకే ఇచ్చి, మిగతాది అదే పద్ధతిలో కొట్టాలి.

మీరు ఫోన్ ఆపి వేసినా, సిమ్ మార్చి చూసినా లాభం లేకపోవడానికి కారణం ఇంతే. ఎన్ని తప్పులు జరిగాయన్న లెక్క కూడా సిమ్‌లోనే ఉంటుంది, ఫోన్‌కు దానితో నిమిత్తం లేదు. సరైన పిన్ పడితేనే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

కల్వకుర్తి రైతు | సోమవారం, మధ్యాహ్నం 1:15

ఈ చర్చలో నాకు జరిగిన నష్టం ఒకటి చెప్పాలి, వేరే రైతులకు జరగకూడదని రాస్తున్నాను.

మా పొలం ఇంటికి రెండు కిలోమీటర్ల దూరం. బోరు దగ్గర మొబైల్ స్టార్టర్ డబ్బా ఉంది, అందులో ఒక సిమ్ ఉంటుంది. ఇంటి నుంచి ఆ నంబరుకు ఫోన్ చేసి అంకె నొక్కితే మోటారు నడుస్తుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. పోయిన యాసంగిలో మా ఊళ్లో రెండు డబ్బాల నుంచి సిమ్‌లు ఎవరో తీసుకుపోయారని విని, నేను కూడా మా డబ్బాలోని సిమ్ తీసి, నా ఫోన్‌లో వేసి, పిన్ పెట్టి, తిరిగి డబ్బాలో వేసి వచ్చాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి ఆ నంబరు స్విచ్ ఆఫ్ అని రావడం మొదలైంది. టవర్ లేదేమో అనుకొని ఒక రోజు చూశాను. పొలానికి వెళ్లి డబ్బా తెరిస్తే లైటు వెలుగుతూనే ఉంది. కరెంటు ఉంది, మోటారు బాగుంది, బోరులో నీళ్లు ఉన్నాయి, సిమ్ మాత్రం పలకదు. పల్లి చేను ఊడలు దిగే దశలో ఉంది, ఆ సమయంలో తడి తప్పితే కాయ దిగుబడి పడిపోతుందని రైతులందరికీ తెలుసు. అటు ఇటు తిరుగుతూ మూడు రోజులు చేతితో స్టార్టర్ నొక్కి నీళ్లు పెట్టాను. చివరికి మెకానిక్ వచ్చి సిమ్‌ను తన ఫోన్‌లో వేసి చూస్తే, తెర మీద పిన్ అడుగుతూ కనబడింది. డబ్బాకు మీటలు లేవు, తెర లేదు. అది పిన్ ఎక్కడ కొడుతుంది?

కాబట్టి స్టార్టర్ డబ్బాలో ఉండే సిమ్‌కు పిన్ పెట్టకండి. దానికి వేరే జాగ్రత్త కావాలి. ఇప్పుడు మా డబ్బాలో ఉన్న నంబరును ఏ బ్యాంకు ఖాతాకూ, ఆధార్‌కూ జోడించలేదు. అది మోటారుకు తప్ప మరి దేనికీ పనికిరాదు. ఇంతకుముందు పట్టాదారు పాసుపుస్తకానికి ఇచ్చిన నంబరే డబ్బాలో ఉండేది. ఆ పొరపాటును ముందు సరిదిద్దుకున్నాను.

నల్లగొండ విశ్రాంత బ్యాంకు ఉద్యోగి | సోమవారం, సాయంత్రం 5:30

రైతు సోదరులు చెప్పినది చాలా విలువైన మాట. ఏ నంబరు దేనికి జోడించి ఉందో తెలుసుకోవడమే ఈ విషయంలో మొదటి పని అని నా అభిప్రాయం.

దేవరకొండ సార్ విషయంలో పోయింది వాట్సాప్ వరకే. సిమ్ దొరికినంత మాత్రాన ఖాతా ఖాళీ అయిపోతుందని భయపడనక్కరలేదు, యూపీఐ పిన్ తెలియనిదే డబ్బు కదలదు. అయితే సిమ్‌తో పాటు మరొక్కటి దొరికితే పరిస్థితి మారిపోతుంది. మీ ఫోన్ వెనుక కవరులో ఏమి దాచుకున్నారో ఒకసారి తీసి చూడండి. బ్యాంకు కౌంటరు ఎదుట నిలబడ్డవారు ఫోన్ కవరు మడత విప్పి, అందులోంచి ఏటీఎం కార్డు తీయడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్ వేసుకున్నప్పుడు, ఆ నంబరు మనదేనా అని తేల్చడానికి యాప్ ఆ సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ పంపుతుంది. ఆ తరువాత కొత్త యూపీఐ పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, దాని గడువు తేదీ, ఆ నంబరుకే వచ్చే ఓటీపీ అవసరం. కార్డుకు బదులు ఆధార్ మార్గం ఎంచుకుంటే, ఆధార్‌లోని మొదటి 6 అంకెలు, ఓటీపీ చాలు. సిమ్, కార్డు ఒకే కవరులో పోతే, ఇవన్నీ ఒకే మనిషి చేతిలో పడినట్లు. ఈ గొలుసులో మొదటి కొక్కెం సిమ్. దానికి పిన్ ఉంటే ఆ తరువాతివి ఏవీ తగులుకోవు.

సిమ్ పిన్ ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి. ఫోన్ వెలిగే ఉండి, సిమ్ అందులోనే ఉన్నంతసేపు అది అడ్డుపడదు, ఫోన్ మళ్లీ వేసినప్పుడో, సిమ్ తీసి వేసినప్పుడో మాత్రమే అడుగుతుంది. కాబట్టి తెర తాళం కూడా ఉండాలి. తాళం వేసిన తెర మీద ఎస్ఎంఎస్ సారాంశం కనబడితే ఓటీపీ పైకే చదువుకోవచ్చు గనుక, నోటిఫికేషన్ల సెట్టింగ్‌లో ఆ వివరాలను దాచివేయాలి. వాట్సాప్‌కు ఉన్న 6 అంకెల టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే, సిమ్ వేరేవారి చేతికి పోయినా వారు ఆ నంబరుతో వాట్సాప్ వెంటనే తెరవలేరు.

ఇక మన పేరు మీద ఎవరైనా మోసంతో డూప్లికేట్ సిమ్ తీసుకుంటే, మన సిమ్‌లో ఉన్న పిన్ ఏమీ చేయలేదు, ఎందుకంటే వారి చేతిలో ఉన్నది వేరే సిమ్. దానికి వేరే కట్టుబాట్లు ఉన్నాయి. సిమ్ మార్చిన తరువాత 24 గంటలపాటు ఎస్ఎంఎస్ సౌకర్యం నిలిపివేయాలని టెలికం శాఖ ఆదేశించింది. సిమ్ మార్చిన 7 రోజుల వరకు ఆ నంబరును వేరే కంపెనీకి మార్చుకునే కోడ్ ఇవ్వకూడదని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన సవరణ 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. టవర్ ఉన్న చోట మీ ఫోన్‌కు ఉన్నట్టుండి సిగ్నల్ పోయి గంటలు గడిచినా రాకపోతే, వేరే ఫోన్ నుంచి వెంటనే కంపెనీకి ఫోన్ చేయండి.

వనపర్తి విద్యార్థి | సోమవారం, రాత్రి 8:45

పెద్దలందరూ సిమ్ పిన్ పెట్టుకోమంటున్నారు. నేను గౌరవంతోనే కొంత విభేదిస్తున్నాను.

మా నాయన పూణేలో భవన నిర్మాణ పనులకు వెళ్తారు, దసరా దాటాక వెళ్తే మళ్లీ ఉగాదికే వస్తారు. రోజూ రాత్రి మా అమ్మకు ఫోన్ చేస్తారు. నేను హాస్టల్‌కు వచ్చే ముందు అమ్మ ఫోన్‌లో సిమ్ పిన్ పెట్టి వచ్చాను. ఒక రాత్రి చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. పక్కింటి పిల్లవాడు చార్జింగ్ పెట్టి ఫోన్ వేసి ఇచ్చాడు. తెర మీద అంకెలు అడిగితే అమ్మ రోజూ తెర తెరవడానికి కొట్టే అంకెలనే కొట్టింది. తప్పు అని వస్తే, చేయి తడబడిందేమో అనుకొని మళ్లీ అవే కొట్టింది, మూడోసారీ అవే కొట్టింది. సిమ్ మూసుకుపోయింది. రెండు రోజులు నాయన ఫోన్ చేస్తూనే ఉన్నారు, స్విచ్ ఆఫ్ అనే వస్తోంది. అక్కడ పని వదిలి బండి ఎక్కడానికి సిద్ధమయ్యారు. నేను శనివారం ఇంటికి వెళ్లి, కస్టమర్ కేర్ నుంచి పీయూకే తీసుకొని కొడితే గానీ నాయన గొంతు అమ్మకు వినబడలేదు. దొంగ వస్తాడో రాడో తెలియని ప్రమాదానికి భయపడి, ఉన్న ఒక్క దారిని మూసుకోవడం మా వంటి ఇళ్లకు సరైనదేనా?

మిర్యాలగూడ సెల్ రిపేర్ | సోమవారం, రాత్రి 9:30

తమ్ముడూ, నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న. మీ అమ్మగారు పడ్డ ఇబ్బందికి అసలు కారణం పిన్ కాదు, రెండు చోట్లా అంకెలే ఉండటం. పెద్దవాళ్లకు నేను ఎప్పుడూ ఒక పద్ధతే పాటిస్తాను. తెరకు వేలిముద్రో ప్యాటర్నో పెడతాను, అంకెలు ఒక్క సిమ్‌కే ఉంచుతాను. అప్పుడు అంకెలు అడిగితే అది సిమ్ పిన్ తప్ప మరొకటి కాదని వారికి తేలిగ్గా తెలుస్తుంది. ఆ తరువాత వారి చేతనే నా ముందు ఫోన్ ఆపించి, వేయించి, అంకెలు కొట్టిస్తాను. ఒకసారి తప్పు వస్తే అక్కడే ఆగి ఎవరినైనా అడగాలి, రెండోసారి అవే అంకెలు కొట్టకూడదు అని చెప్పి పంపుతాను. 

ఇంత చేసినా ఒంటరిగా ఉండే మనిషికి అంకెలు గుర్తుండవు అనిపిస్తే పెట్టకండి, నేనైనా పెట్టను. అయితే ఆ నంబరును బ్యాంకుకు జోడించకుండా ఉంచి, బ్యాంకుకు నీ నంబరో మీ నాయన నంబరో ఇవ్వండి. నువ్వు రాసింది చదివితే, కొత్త ఫోన్లు అప్‌డేట్ కోసం వాటంతట అవే ఆగి మొదలయ్యే విషయం కూడా గుర్తొచ్చింది. అలా మొదలైన ఫోన్ పొద్దున చూసేవరకు పిన్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు. సిమ్ పిన్ ఉన్నవారు రాత్రి పూట దానంతటదే రీస్టార్ట్ అయ్యే సెట్టింగ్‌ను ఆపుకోవడం మంచిది.

జడ్చర్ల గృహిణి | మంగళవారం, ఉదయం 7:05

అన్నా, నిన్న సాయంత్రం నేనే స్వయంగా పెట్టుకున్నాను. కస్టమర్ కేర్‌కు మా వారి ఫోన్ నుంచి మాట్లాడి, పీయూకే ముందే రాసుకొని బీరువాలో పెట్టాను, ఫోన్ కవరులో మాత్రం పెట్టలేదు. నా ఫోన్‌లో రెండు సిమ్‌లు ఉన్నాయి. ఒకదానికి పెడితే రెండోదానికి కూడా వర్తిస్తుందా? మా మరిది ఈ-సిమ్ (ఫోన్ లోపలే అమర్చి ఉండే సిమ్) తీసుకున్నాడు, దానికి ఇవన్నీ అక్కరలేదని అంటున్నాడు.

మిర్యాలగూడ సెల్ రిపేర్ | మంగళవారం, ఉదయం 9:20

రెండు సిమ్‌లకు వేర్వేరుగా పెట్టుకోవాలి అక్కా, ఏ సిమ్ పిన్ దానిదే, ఏ సిమ్ పీయూకే దానిదే. బ్యాంకుకు ఇచ్చిన సిమ్‌కు ముందు పెట్టండి. ఈ-సిమ్‌ను బయటికి తీయలేరు గనుక మీ మరిది మాటలో కొంత నిజం ఉంది, అయినా దానికీ పిన్ పెట్టుకునే వీలుంది.

దేవరకొండ ఉపాధ్యాయుడు | బుధవారం, రాత్రి 8:15

మీ అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులలో నేను చేసిన పనులు ఇక్కడ రాస్తున్నాను, నాలాంటివారికి వరుస తెలుస్తుంది.

పోయిన సిమ్‌ను ఆపించి, నాయన వేలిముద్ర ఇచ్చి డూప్లికేట్ సిమ్ తీసుకున్నాము. ఈ పనిని మొదటి రాత్రే, బస్టాండులోనే, ఎవరి ఫోన్ నుంచైనా కంపెనీకి మాట్లాడి చేసి ఉండవలసింది. డబ్బు పోయిన విషయంలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేసి మా బావ చేత ఫిర్యాదు నమోదు చేయించాను. పోలీసు స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలు, కొన్నప్పటి బిల్లు మీద ఉన్న ఐఎంఈఐ నంబరు (ఫోన్ గుర్తింపు సంఖ్య) తీసుకొని, కేంద్ర టెలికం శాఖ 2023 మే నెలలో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ ఫోన్‌ను బ్లాక్ చేయించాను. బిల్లు లేనివారు ఫోన్ చేతిలో ఉన్నప్పుడే *#06# కొట్టి ఆ నంబరు రాసి పెట్టుకోండి. పోర్టల్ పంపే ఓటీపీ కొత్త సిమ్‌కే వస్తుంది గనుక ముందు డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి. ఆ పోర్టల్‌లోనే మన పేరున ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కూడా చూపిస్తుంది. నాయన పేరున మాకు తెలియని నంబరు ఒకటి కనబడితే, అది మాది కాదని అక్కడే తెలియజేశాను.

డూప్లికేట్ సిమ్ మళ్లీ పిన్ లేకుండానే వచ్చింది. పాత సిమ్‌కు పెట్టి ఉన్నా ఇది కొత్తగా పెట్టుకోవలసిందే, ఎందుకంటే ఇది వేరే చిప్. మిర్యాలగూడ అన్న చెప్పినట్లు పీయూకే ముందు రాసుకొని, తెరకు ప్యాటర్న్, సిమ్‌కు అంకెలు ఉండేలా పెట్టాను. నాయనకు చదువు రాదు, అంకెలు బాగా వచ్చు. పుట్టిన సంవత్సరం వద్దని నేనంటే, ఆయన కాసేపు ఆలోచించి, తనకు మాత్రమే తెలిసిన ఒక పాత లెక్క నుంచి నాలుగు అంకెలు ఎంచుకున్నారు. అదేమిటో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ అంకెలను మా అమ్మకు మాత్రం చెప్పారు.

మంచం మీద కూర్చోబెట్టి మూడుసార్లు ఫోన్ ఆపించి, వేయించాను. మొదటిసారి అంకెలు కొట్టి కింద ఉన్న సరే మీట నొక్కడం మరిచిపోయి ఎదురుచూస్తూ కూర్చున్నారు. రెండోసారి నుంచి తడబాటు లేదు. కవరులో ఉన్న ఏటీఎం కార్డును కూడా ఆయనే తీసి అమ్మకు ఇచ్చారు. ఈ ఉదయం నేను బడికి బయలుదేరుతుంటే, ఎవరూ చెప్పకుండానే ఫోన్ ఒకసారి ఆపి, మళ్లీ వేసి, అంకెలు నొక్కి, పైన సిగ్నల్ గీతలు నిండేవరకు చూసి అంగీ లోపలి జేబులో పెట్టుకున్నారు.

మా బావ ఆరు వేల సంగతి ఇంకా తేలలేదు. ఫిర్యాదు మీద ఏదైనా సమాచారం వస్తే ఇక్కడే రాస్తాను.